టీకా వేయిస్తే సంతానం కలగదా?



"పోలియో చుక్కలు వేయిస్తే పిల్లవాడికి రేపు పిల్లలు పుట్టరట!" "తట్టు టీకా పొడిపిస్తే ఆడపిల్ల గొడ్రాలవుతుందట!" ఇలాంటి మాటలు మీ చెవిన పడే ఉంటాయి. ఒకప్పుడు రచ్చబండ దగ్గర పుట్టిన పుకారు పొరుగూరు చేరటానికి వారం పట్టేది. ఇప్పుడు సెల్‌ఫోనులో, వాట్సాప్‌లో నిమిషానికే ఊరంతా తిరిగి వస్తున్నది. 2017లో తట్టు-రుబెల్లా టీకాలు వేస్తున్నప్పుడు తమిళనాడులోనూ, కేరళలోనూ ఇదే పుకారు ఫోనుల్లో పాకింది.

బిడ్డ మీద ప్రేమ ఉన్న తల్లిదండ్రులకు ఈ మాట వింటే గుండె జల్లుమనటం సహజమే. అందుకే నిజమేమిటో నిదానంగా తెలుసుకుందాం.

మీరే సాక్ష్యం

మన దేశంలో పల్స్ పోలియో కార్యక్రమం 1995లో మొదలైంది. ఆనాడు అమ్మ చంకనెక్కి వచ్చి చుక్కలు మింగిన పసివాళ్ళు ఈనాడు పెరిగి పెద్దవారై తల్లులూ తండ్రులూ అయ్యారు. మీలో అనేకమంది వాళ్ళే. నమ్మకం లేకపోతే మీ అమ్మగారిని అడిగి చూడండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఆడుకుంటున్న బిడ్డే ఈ పుకారుకు జవాబు.

సంతానం ఆగేది దేనివల్ల?

ఈ సంగతి మన ఆరోగ్య కేంద్రంలో దాపరికం లేకుండా చెబుతారు. నోటిమాత్ర రోజూ వేసుకున్నంత కాలమే పనిచేస్తుంది. అంతర ఇంజక్షను మూడు నెలలకొకసారి చేయించుకోవాలి. మానేస్తే కొన్ని నెలల్లో మళ్ళీ గర్భం నిలుస్తుంది. కాపర్-టి తీయిస్తే దాని పని అయిపోయినట్లే. శాశ్వతంగా ఆగాలంటే ఆపరేషను ఒక్కటే మార్గం. అందులో మగవారికి వీర్యం వచ్చే నాళాలను, ఆడవారికి అండం వచ్చే నాళాలను మూసివేస్తారు. అదైనా మీరు కోరి, అంగీకార పత్రం మీద సంతకమో వేలిముద్రో వేస్తేనే.

సంతానం వద్దనుకున్న వాళ్ళకే ఇంత ఏర్పాటు కావాలి. అలాంటప్పుడు పసిబిడ్డ నాలుక మీద పడిన రెండు చుక్కలు ఇరవై ఏళ్ళ తరువాత సంతానాన్ని ఆపుతాయా? ఆలోచించండి.

మరి టీకాలో ఏముంది?

జబ్బు చేసే క్రిమినే బలహీనపరచిగానీ, చంపిగానీ, దానిలో కొంత భాగాన్ని తీసిగానీ టీకా తయారుచేస్తారు. దానితో ఒంటికి శత్రువు ఆనవాలు తెలుస్తుంది. రేపు అసలు క్రిమి వస్తే ఒళ్ళు దానిని గుర్తుపట్టి ఎదుర్కొంటుంది. సూది వేసిన తరువాత ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు, వేసినచోట వాపు రావచ్చు. ఇది ఒళ్ళు పాఠం నేర్చుకుంటున్న గుర్తు. నర్సమ్మ చెప్పిన మోతాదులో జ్వరం మందు ఇవ్వండి, తల్లిపాలు మానవద్దు. ఎప్పుడో అరుదుగా కొందరికి టీకా పడకపోవచ్చు. అందుకే టీకా తరువాత అరగంట కేంద్రంలోనే ఉండమంటారు.

టీకా వేసిన వారానికి బిడ్డకు వేరే జబ్బు చేసిందనుకోండి. అది టీకావల్లనేనా? కాకి వాలినప్పుడే తాటిపండు రాలితే కాకి బరువుకే రాలిందంటామా? అనుమానముంటే డాక్టరుకు చూపించి తేల్చుకోండి.

ఇంకొక్క మాట. గర్భిణికి తొలి నెలల్లో రుబెల్లా సోకితే కడుపులోని బిడ్డకు గుండె జబ్బు, చెవుడు, కంటిలో శుక్లం రావచ్చు. గర్భస్రావం కూడా కావచ్చు. గొడ్రాలవుతుందని ఏ టీకాను నిందించారో, ఆ టీకాయే ఆడపిల్లకు రేపు పుట్టబోయే బిడ్డను కాపాడేది!

పుకారు ఖరీదు

ఆఫ్రికాలోని నైజీరియా దేశంలో కానో అనే రాష్ట్రం ఉన్నది. 2003లో ఇదే పుకారు నమ్మి అక్కడ పోలియో చుక్కలు ఆపివేశారు. మళ్ళీ మొదలుపెట్టేసరికి ఏడాది కావచ్చింది. ఈలోగా జబ్బు విజృంభించి, అంతకుముందే పోలియో పోయిన ఇతర దేశాలకు కూడా పాకింది.

మన ఉత్తరప్రదేశ్‌లోనూ ఈ మాట పుట్టింది. అక్కడ ఆరోగ్య కార్యకర్తలు ఊరి పెద్దలను, మసీదు ఇమాములను, సాటి తల్లులను వెంటబెట్టుకుని గడపగడపకూ వెళ్ళి చెప్పారు. దేశంలో 2009లో 741 మందికి పోలియో వచ్చింది. 2011 జనవరి తరువాత సహజ పోలియో క్రిమివల్ల ఒక్క బిడ్డకు కూడా రాలేదు. 2014లో మన దేశానికి పోలియో లేదన్న ధ్రువపత్రం లభించింది.

ఎవరైనా చెబితే ఏమనాలి?

"వదినా, టీకా వేయిస్తే పిల్లలు పుట్టరని ఫోనులో వచ్చింది" అని పక్కింటామె అంటే నవ్వవద్దు, కోపగించవద్దు. ఆమెదీ బిడ్డ మీద బెంగే. మెల్లగా అడగండి:

1. ఈ మాట చెప్పినదెవరు? పేరూ ఊరూ ఉన్నాయా?
2. ఫలానావారికి ఇలా జరిగిందని మనకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?
3. మన నర్సమ్మను అడిగావా?

"నిప్పు లేనిదే పొగ రాదు కదా" అంటారు కొందరు. ఫోనులో పొగను నిప్పు లేకుండానే పుట్టించవచ్చు! చెప్పేవాడికి వినేవాడు లోకువ. నిజమో కాదో తెలియని కబురును మీరు ఇంకొకరికి పంపకండి.

గుర్తుంచుకోండి

• బిడ్డ పుట్టగానే, తరువాత 6, 10, 14 వారాలకు టీకాలు వేయించాలి.
• 9 నెలలు నిండగానే, మళ్ళీ 16 నుంచి 24 నెలల మధ్య తట్టు-రుబెల్లా టీకా వేయించాలి.
• 5-6 ఏళ్ళకు బూస్టరు టీకా మరువవద్దు.
• గర్భిణి ధనుర్వాతం రాకుండా టీకా వేయించుకోవాలి.
• టీకా కార్డు భద్రంగా దాచుకోవాలి.

ఈ టీకాలన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. సందేహముంటే భార్యాభర్తలిద్దరూ కలిసి రండి, అడగండి. అడగటానికి సిగ్గుపడవద్దు.