బిల్లు రెట్టింపైతే ఏం చేయాలి?

ప్రశ్న: కారు సర్వీసుకు ఇచ్చేటప్పుడు 5,000 అవుతుందన్నారు. సాయంత్రం వెళ్తే 13,000 బిల్లు వేశారు. ఇంజిన్ ఫ్లష్, ఏసీ క్లీనింగ్, బ్రేక్ ప్యాడ్లు అంటూ ఏవేవో రాశారు. నేను మోసపోయానా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మోసమని ఇప్పుడే అనలేం. కానీ మిమ్మల్ని అడక్కుండా చేశారు చూశారా, తప్పు అక్కడుంది. కొన్ని వర్క్‌షాపుల్లో సర్వీస్ అడ్వైజర్లకు అదనపు పనులు అమ్మాలని టార్గెట్లుంటాయి. ఫ్లష్‌లు, కోటింగ్‌లు ఎక్కువగా అలా వచ్చేవే. మీ కారు మాన్యువల్ తెరిచి చూడండి. ఎన్ని కిలోమీటర్లకు ఏం మార్చాలో అందులో ఉంటుంది. అందులో లేని పని చెబితే ‘ఎందుకు?’ అని అడగండి.

ఈసారి జాబ్‌కార్డులో అంచనా మొత్తం రాయించుకోండి. ‘ఫోన్ చేసి అడక్కుండా అదనపు పని చేయొద్దు’ అని కూడా రాయించి, ఫొటో తీసుకోండి. తీసేసిన పాత పార్టులు డిక్కీలో పెట్టమనండి. ఈ ఒక్క మాటతో సగం బిల్లులు వాటంతటవే తగ్గుతాయి! బ్రేక్ ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మాత్రం బేరమాడకుండా మార్పించండి. ఏసీ గ్యాస్ ఏటా అయిపోయేది కాదు. తగ్గిందంటే లీకు ఎక్కడో ముందు చూపించమనండి.

ఇక ఇప్పటి బిల్లు సంగతికొస్తే, జీఎస్టీ బిల్లు తీసుకుని, మేనేజరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వారం రోజుల్లో తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. బ్రేకులో, స్టీరింగులో తేడా అనిపిస్తే మాత్రం ఆగొద్దు. బండి నడపకుండా వేరే మెకానిక్‌ను పిలిపించి చూపించండి.