నురగ నేర్పు పాఠము

వంటసోడాపై నిమ్మరసము పిండిన వెంటనే బుసబుసమని నురగ పొంగును. పిల్లలకిది వినోదము. గ్రామములోని బావుల బాగోగులు చూడవలసిన పంచాయతీ సభ్యులకు మాత్రము ఇందులో ప్రాణరక్షణకు సంబంధించిన పాఠమొకటి కలదు. ఈ ప్రయోగమును ఉపాధ్యాయుని సమక్షమున బడిపిల్లలచే చేయించి చూడుడు.

కావలసిన వస్తువులు: లోతైన గాజు గ్లాసు, అందులో సగము ఎత్తుండు కొవ్వొత్తి ముక్క, ఒక చెంచా వంటసోడా, ఒక నిమ్మకాయ రసము, అగ్గిపెట్టె.

చేయు విధానము: కొవ్వొత్తిని గ్లాసు అడుగున నిలిపి, చుట్టును సోడా చల్లవలెను. వత్తిని ఉపాధ్యాయుడే వెలిగింపవలెను. పిమ్మట నిమ్మరసమును గ్లాసు గోడ వెంబడి కొద్దికొద్దిగా జార్చవలెను. నురగ వత్తిని తాకకుండగనే దీపము ఆరిపోవును. వెలుగుచున్న అగ్గిపుల్లను లోనికి దించినచో అదియు ఆరును. ఈ రెంటిని మూత బిగించిన సీసాలో మాత్రము ఎన్నడును కలుపరాదు. సీసా పగిలి గాయములగును.

దీనికి కారణమేమి? నిమ్మరసములోని ఆమ్లము సోడాతో కలిసినపుడు బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, వెలువడును. స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ అను శాస్త్రజ్ఞుడు 1750వ దశకములో దీని గుణములను పరిశోధించెను. దీనిని నీటిలో కలుపు పద్ధతిని జోసెఫ్ ప్రీస్ట్లీ 1772లో ప్రకటించెను. మనము త్రాగు గోలీసోడాలోని బుడగలు ఈ వాయువువే. దీనికి రంగు లేదు. ఇది గాలికంటె సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది. కావున గ్లాసు అడుగున నిలిచి, ప్రాణవాయువును పైకి నెట్టివేయును. ప్రాణవాయువు అందని దీపము ఆరును.

వాడుకలేని పాతబావి గూడ ఇట్టి గ్లాసు వంటిదే. ఆకులు, చెత్త కుళ్ళునపుడు లోపలి ప్రాణవాయువు తరుగును, బొగ్గుపులుసు వాయువు పెరుగును. గాలి చొరని లోతున అది కదలక నిలిచియుండును. ధాన్యపు పాతరలో గింజల శ్వాసక్రియ వలనను ఇదే జరుగును. పూడిక తీయుటకై దిగినవాడు క్షణములలో స్పృహ తప్పవచ్చును. వానిని రక్షింపబోయి దిగిన రెండవవాడును మరణించిన వార్తలు పత్రికలలో పలుమారులు చూచుచున్నాము.

దీపము దించి చూచు పాత అలవాటును నమ్ముకొనరాదు. దీపము ఆరినచో ప్రమాదము నిశ్చయమే. కాని వెలిగినంత మాత్రమున క్షేమమని తలపరాదు. మనిషికి హానిచేయు వాయువులున్నను దీపము వెలుగవచ్చును. మండెడి వాయువులున్నచో దీపమే ప్రేలుడుకు కారణమగును. వాయువులను కొలుచు సాధనముతో పరీక్షించి, యంత్రముతో గాలి నింపిన తరువాతనే, నడుమునకు త్రాడు కట్టి, పైన మనుషులను నిలిపి, శిక్షణ పొందినవారినే దింపవలెను. ఎవరైనను లోపల పడిపోయినచో మరియొకరు దిగక, వెంటనే 101కి ఫోనుచేసి అగ్నిమాపక దళమును పిలువవలెను.

పంచాయతీ సభ్యులు ఊరిలోని పాతబావుల జాబితా తయారుచేయించి, వానికి ఇనుప జాలీలు వేయించి, హెచ్చరిక బోర్డులు పెట్టింపవలెను. రానున్న గ్రామసభలో ఈ గ్లాసు ప్రయోగమును పిల్లలచే ప్రదర్శింపజేసినచో, కంటికి కానరాని ఈ ముప్పు ఎట్టిదో అందరును తమ కన్నులతోనే చూచి తెలిసికొందురు.