ఏకదిన జీవియు, దాని దారపు ప్రతిరూపమును

మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములు చేతిపనులకు చిరకాలముగా పేరు గన్నవి. కరీంనగరు కళాకారుడు వెంట్రుక వంటి వెండి తీగను మెలిపెట్టి ఆకులను, నెమళ్ళను, అత్తరుదానులను అల్లును. నిర్మల కళాకారుడు తేలికయైన పొనికి కర్రను చెక్కి, రంగులద్ది, చెట్టు నుండి అప్పుడే కోసినదా అనిపించు పండును మన చేతిలో పెట్టును. ఈ పనులన్నియు మనిషి కన్నును మెప్పించుటకు పుట్టినవి. మనిషి కన్నును గాక చేప కన్నును నమ్మించుటకు పుట్టిన చేతిపని ఒకటి కలదు. సూదిమొన వంటి చిన్న గాలమునకు దారము, ఈక, బొచ్చు చుట్టి, నీటిపై తేలు కీటకమును పోలిన బొమ్మను చేయుటయే ఆ పని. దీనిని ఇంగ్లీషువారు డ్రై ఫ్లై అందురు. ఈ బొమ్మలలో మిక్కిలి ప్రసిద్ధమైనది మేఫ్లై అను కీటకపు ప్రతిరూపము. ఆ కీటకమును గూర్చియు, ఆ ప్రతిరూపమును గూర్చియు, వాటి నుండి మన విద్యార్థులు నేర్వదగిన దానిని గూర్చియు ఈ వ్యాసమున ముచ్చటించదలచితిమి.

మేఫ్లై అనగా నేమి?

పేరులో ఈగ యున్నను ఇది ఈగ కాదు. ఈగకు రెండే రెక్కలు; మేఫ్లైకి సాధారణముగా నాలుగు. శాస్త్రజ్ఞులు దీనిని ఎఫిమెరాప్టెరా అను వర్గమున చేర్చిరి. గ్రీకు భాషలో ఎఫిమెరాస్ అనగా ఒక్క దినముండునది. లోకమున మూడు వేలకు మించిన జాతులు గుర్తింపబడినవి. తొలకరి వానల తరువాత మన ఇండ్ల దీపముల చుట్టు ముసురు ఉసిళ్ళను చూచి కొందరు ఇవియే మేఫ్లైలని భ్రమపడవచ్చును. ఉసిళ్ళు రెక్కలు వచ్చిన చెదలు. వాటి నాలుగు రెక్కలు ఇంచుమించు సమానముగా నుండి వీపుపై చదునుగా పడియుండును, తేలికగా రాలిపోవును. మేఫ్లై కూర్చున్నపుడు రెక్కలు పడవ తెరచాపవలె నిటారుగా నిలిచియుండును. ముందు రెక్కలు పెద్దవి, వెనుక రెక్కలు చిన్నవి, కొన్ని జాతులలో అసలే లేవు. తోక చివర రెండో మూడో సన్నని పోగులుండును. ఈ రెండు గుర్తులు చాలు, పొరపాటు పడుటకు వీలులేదు.

దీని బ్రతుకు నీటిలో మొదలగును. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్ల పొట్టకు ఇరువైపుల నున్న మొప్పలతో ఊపిరి పీల్చుచు, రాళ్ళపై పాచిని, కుళ్ళిన ఆకుల పొడిని తినుచు, నెలల తరబడి, కొన్ని జాతులలో ఒకటి రెండేండ్లు, నీటి అడుగున గడపును. కాలము వచ్చినపుడు పైకి తేలి, నీటి పొరపైననే చర్మము విడిచి రెక్కలు విప్పును. ఈ తొలి రెక్కల రూపము మసక వన్నెతో నుండును. ఇది ఒడ్డున చెట్లకు చేరి మరల ఒకమారు చర్మము విడిచి, గాజు వంటి రెక్కలతో పూర్ణరూపమును పొందును. ఎగురగల రెక్కలు వచ్చిన తరువాత కూడ చర్మము విడుచు కీటక వర్గము లోకమున ఇది యొక్కటియే. పెద్దదైన మేఫ్లైకి తినుటకు పనికివచ్చు నోరు లేదు. కొన్ని గంటలో, ఒకటి రెండు దినములో జీవించి, గాలిలో జతకట్టి, నీటిలో గ్రుడ్లు విడిచి, రెక్కలు చాచి నీటిపై పడిపోవును. అమెరికాలోని ఒక జాతిలో ఆడది అయిదు నిమిషములైనను బ్రతుకదు.

కీటకము నీటిపై తేలు ఆ కొద్ది క్షణములే చేపకు విందు, గాలము వేయువానికి అదను.

చేప కన్నుతో చూచుట

నిజమునకు దగ్గరగా బొమ్మను చేయవలెనని అందరు అందురు. కాని ఎవరి కన్నుకు నిజము? ఇదియే ఈ కళలోని అసలు ప్రశ్న. దీనికి సమాధానము మన భౌతికశాస్త్ర పాఠములోనే యున్నది. నీటి వక్రీభవన గుణకము 1.33. సందిగ్ధ కోణము సుమారు 48.6 డిగ్రీలు. కావున నీటిలోనున్న చేపకు పైలోకమంతయు సుమారు 97 డిగ్రీల శంకువు గుండా, ఒక గుండ్రని కిటికీలో వలె కనబడును. ఆ కిటికీ వెలుపల నీటి పొర అద్దమై నదీ గర్భమునే ప్రతిఫలించును. కొట్టుకొని వచ్చు కీటకపు శరీరము మొదట చేపకు కనబడదు. దాని కాళ్ళు నీటి పొరను నొక్కిన చోట్ల ఆ అద్దములో మెరుపు చుక్కలు కనబడును. పిమ్మట కిటికీ అంచున రెక్కల కొనలు తోచును. చివరకు శరీరము కనబడును. చేప ఈ మూడు గుర్తులను చూచి నోరు తెరచును. కాబట్టి మన అరచేతిలో ఎంతో అందముగా కనిపించు బొమ్మ చేపకు మొద్దుగా కనబడవచ్చును. మనకు చిక్కుపడిన ఈకవలె తోచునది చేపకు నిజమైన కీటకము కావచ్చును.

ఈ కళ చరిత్ర కూడ ఈ ప్రశ్న చుట్టే తిరిగినది. క్రీస్తు శకము 200 ప్రాంతమున ఈలియన్ అను రచయిత, మాసిడోనియా ప్రజలు గాలమునకు ఎర్ర ఉన్ని, కోడి ఈకలు చుట్టి చేపలు పట్టుటను వర్ణించెను. ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ 1886లో తేలు ఈగల నిర్మాణముపై గ్రంథము వెలువరించి, కీటకపు ప్రతి వన్నెను అచ్చముగా అనుకరింపవలెనని బోధించెను. కర్నల్ హార్డింగ్ 1931లో చేప దృష్టి నుండి ఈ విషయమును పరిశీలించెను. అమెరికాలో విన్సెంట్ మారినారో 1950లో, స్విషర్, రిచర్డ్స్ అను వారు 1971లో, రెక్కల ఆకారమునకును నీటి పొరపై నిలుచు తీరునకును ప్రాధాన్యమిచ్చిరి. నేడు కన్నులు, కాళ్ళ కీళ్ళు సహితము చూపు ప్రదర్శన నమూనాలను చేయువారు కలరు. అవి చూడదగినవే; కాని నీటిపై వేయు బొమ్మ ధర్మము వేరు.

కట్టు విధానము

పద్నాలుగవ నంబరు గాలమును తీసికొందము. ఇందులో సంఖ్య పెరిగిన కొలది గాలము చిన్నదగును. దానిని చిన్న వైసులో బిగించి, మైనము పూసిన సన్నని పట్టుదారమును కొక్కెము వంపు వరకు చుట్టవలెను. పట్టుదారమునకు మనము దూరము పోనక్కరలేదు. మహాదేవపూరు, చెన్నూరు ప్రాంతములు దసలి పట్టునకు పేరుపడినవి. తరువాత తోక: కోడిపుంజు మెడ ఈక నుండి ఆరేడు బిరుసు పోగులను కొక్కెపు కాడ పొడవున కట్టవలెను. పిమ్మట కాడపై ముందు నుండి మూడవ వంతు చోట రెండు రెక్కలను నిటారుగా నిలిపి, వాటి మొదట దారము చుట్టి గట్టిపరచవలెను. రెక్కల ఎత్తు కాడ పొడవునకు మించరాదు.

శరీరమునకు రాలిన నెమలి ఈక కన్ను దగ్గరి పోగును తీసికొని నూగు తీసివేసినచో, ముదురు, లేత చారలు గల సన్నని బద్ద మిగులును. దానిని వరుసగా చుట్టగా కీటకపు పొట్టమీది కణుపులు అచ్చముగా కనబడును. చివరిది, అతి ముఖ్యమైనది, మెడ ఈక చుట్టు. పుంజు మెడ ఈకను రెక్కల వెనుక రెండు మూడు, ముందు రెండు మూడు చుట్లు త్రిప్పవలెను. పోగుల పొడవు కొక్కెపు నోటి వెడల్పునకు ఒకటిన్నర రెట్లుండిన చాలును. ఆపై దారమును తలవద్ద ముడివేసి ఒక బొట్టు వార్నీషు అద్దినచో పని పూర్తియగును.

ఉక్కు నీటికంటె సుమారు ఏడెనిమిది రెట్లు బరువైనది. అయినను ఈ బొమ్మ మునుగదు. బిరుసైన పోగులు బరువును నీటి పొరపై పలుచోట్ల పంచును. తలతన్యత దానిని మోయును. పెట్ట ఈక మెత్తనిది, నీరు పీల్చును; అందుచేతనే తేలు బొమ్మకు పుంజు ఈక, మునుగు బొమ్మకు పెట్ట ఈక వాడుట ఆచారము.

ఈకల విషయమున మన ప్రాంతమునకు మరియొక సంబంధము కలదు. బూడిదరంగు అడవికోడి పుంజు మెడ ఈకలపై మైనపు బొట్ల వంటి మచ్చలుండును. సాల్మన్ చేపలకై కట్టు బొమ్మలలో వాటిని కన్నులుగా అమర్చుట బ్రిటనులో పందొమ్మిదవ శతాబ్ది నుండి ఉన్నది. ఆ మోజుకు బలియైనది మన దక్షిణాపథపు పక్షియే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ కల్పించినది. కవ్వాల్ వంటి అడవులలో అడవికోడి కూత వినవలెనే గాని, దాని మెడను కోరరాదు. ఇంటి కోడి ఈకతోనే పని నెరవేరును.

మన నదులకు దీనితో నేమి పని?

డ్రై ఫ్లైతో పట్టు ట్రౌటు చేపలు చల్లని నీటివి. నీలగిరులలోను, కాశ్మీరములోను విదేశములనుండి తెచ్చి పెంచినవే గాని గోదావరిలో లేవు. అయినను దక్కను నదులలో నివసించు మహసీరు చేప ఈకల ఎరను అందుకొనునని మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సలివన్ థామస్ 1873లో ప్రకటించిన గ్రంథము చెప్పుచున్నది. కాని చేపను పట్టుట మాకు ప్రధానము కాదు. బొమ్మను కట్టవలెననిన ముందు కీటకమును చూడవలెను. కీటకమును చూడవలెననిన నదికి పోవలెను. మాకు కావలసినది అదియే.

మేఫ్లై పిల్లలలో పెక్కు జాతులకు ప్రాణవాయువు నిండిన శుభ్రమైన నీరు కావలెను. అందుచేత నీటి స్వచ్ఛతను కొలుచుటకు శాస్త్రజ్ఞులు వాటిని సూచికలుగా గైకొందురు. అమెరికాలోని ఈరీ సరస్సు పశ్చిమ భాగమున 1953లో అడుగు నీటిలో ప్రాణవాయువు తగ్గిపోగా, కోట్లాదిగా నుండిన మేఫ్లైలు దాదాపు అదృశ్యమైనవి. మురుగును అదుపు చేసిన పిమ్మట 1990ల దశకమున గాని తిరిగి కనబడలేదు. పోయినదానిని తెచ్చుకొనుటకు నలువది యేండ్లు పట్టినది.

మన గోదావరిపై 1963లో శ్రీరాంసాగరునకు శంకుస్థాపన జరిగినది. 1983లో రామగుండము విద్యుత్కేంద్రమున ఉత్పత్తి ఆరంభమైనది. 2019లో కాళేశ్వరము ఎత్తిపోతల పథకము ప్రారంభమైనది. ఇవి మన పొలములకు నీరును, మన ఇండ్లకు వెలుగును ఉద్దేశించినవి. కాని పారు నీరు నిలువ నీరైన చోట, రాళ్ళపై బురద పేరుకొన్న చోట, ప్రవాహమును కోరు కీటకములు తొలగిపోయి నిలువ నీటిని ఓర్చునవి వచ్చును. ఆ మార్పు జరిగినదో లేదో తెలియవలెనన్న, ఏ రాతి క్రింద ఏమున్నదో వ్రాసిపెట్టినవారుండవలెను. సలీం అలీ 1931-32లో హైదరాబాదు రాష్ట్రపు పక్షులను సర్వే చేసెను. 1940ల దశకమున రహీముల్లా, మహమూద్ అనువారు ఇక్కడి చేపలను సర్వే చేసిరి. ఆ వరుసలో నీటి కీటకముల లెక్క వ్రాయుపని మన విద్యార్థులు చేపట్టదగినది.

దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక తెల్లని పళ్ళెము, సన్నని వల, భూతద్దము, నోటుపుస్తకము చాలును. మానేరు ఒడ్డున, కడెం వాగున, ప్రతి నెల ఒకే చోట, ఒకే సమయమున రాళ్ళు త్రిప్పి చూచి, దొరికిన పిల్లల సంఖ్యను, తోకపోగులను, మొప్పల ఆకారమును గీచి ఉంచవలెను. తరువాత తరగతి గదిలో దారముతో ఆ రూపమునే కట్టి చూడవలెను. తెలిసిన దానికంటె చేయబోయినపుడే లోపము బయటపడును: రెక్క ఎక్కడ మొదలగునో, తోకలు రెండో మూడో సరిగా చూడనివాడు అక్కడనే ఆగిపోవును. మరల నదికి పోవలసినదే. కళాశాల కమిటీవారు జంతుశాస్త్ర విభాగమునకు ఈ కొద్దిపాటి సామగ్రిని సమకూర్చి, ఏటేటి లెక్కలను గ్రంథాలయమున భద్రపరచినచో, ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి వ్రాసిన నదీ చరిత్ర ఒకటి ఈ కళాశాలకు మిగులును.

వెండి తీగ అల్లువానికి, పొనికి కర్ర చెక్కువానికి కన్ను, చేయి ఒక్కటైన నేల ఇది. ఆ నేర్పును శాస్త్రమునకు జోడించుట మన వంతు. ఒక్క దినము బ్రతుకు ప్రాణిని ఓపికగా చూడగలిగినవాడు, నూరేండ్లు నిలువవలసిన నదిని నిర్లక్ష్యము చేయడు.