వసతిగృహమునకు వెళ్లు బిడ్డ పెట్టె

ధ్యానించవలసిన వాక్యభాగములు: 1 సమూయేలు 2:18–19, 1 సమూయేలు 17:17–18, 38–39, లూకా 15:11–24, 2 తిమోతి 4:13, 21.



కాలేజీలు తెరచు దినములు సమీపించినవంటే మన గ్రామములలో అనేక గృహములయందు ఒకే ప్రశ్న వినబడును: "పిల్లకు సీటు వచ్చింది, హాస్టలుకు ఏమేమి పెట్టి పంపాలి?" తల్లి ఒకటి చెప్పును, మేనమామ మరియొకటి చెప్పును, పట్నములో చదివి వచ్చిన పొరుగింటి అబ్బాయి ఇంకొకటి చెప్పును. కడపట పెట్టె నిండును గాని కావలసిన వస్తువు అందులో ఉండదు. గనుక ఈ నెల మన పాఠము ఆ పెట్టెను గూర్చినదే.

ఇది మన సంఘములకు క్రొత్త సంగతి కాదు. మచిలీపట్నములో నోబులు పాఠశాల 1843లోను, గుంటూరులో లూథరను మిషను కళాశాల 1885లోను ఆరంభమైనవి. మిషను బోర్డింగు బడుల కాలమునుండియు మన పల్లెల బిడ్డలు రేకు పెట్టె పట్టుకొని ఇల్లు విడిచి చదువుకొన్నారు. నేడు పెట్టెకు చక్రములు వచ్చినవి, చేతికి సెల్‌ఫోను వచ్చినది. అయితే మొదటి సంవత్సరపు బిడ్డకు మొదటి రాత్రి కలుగు దిగులు మాత్రము ఆనాడు ఎట్లుండెనో నేడును అట్లే యున్నది.

1. హన్నా కుట్టిన అంగీ

సమూయేలు చిన్నతనమందే ఇల్లు విడిచి షిలోహులో నివసించెను. తల్లియైన హన్నా ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి, బలి అర్పించుటకు వెళ్లునప్పుడు అతనికి తీసికొనిపోవుచుండెను. ఇందులో ఒక తెలివి కలదు. ఎదుగుచున్న బిడ్డకు పది సంవత్సరములకు సరిపడు బట్టలు ఆమె ఒకేసారి ఇయ్యలేదు. ఆ యేటికి కావలసినది ఆ యేడు తెచ్చెను.

మనమును అట్లే చేయవలెను. వారమున కొకసారి బట్టలు ఉదుకుకొను బిడ్డకు ఆరేడు జతలు చాలును. లోబట్టలు మాత్రము కొంచెము ఎక్కువ ఉంచవలెను, ఏలయనగా వానకాలములో అవి త్వరగా ఆరవు. రెండు తువాళ్లు, పరచుకొనుటకు ఒకటి కప్పుకొనుటకు ఒకటిగా రెండు దుప్పట్లు, రెండు దిండు గలీబులు, చలినెలలకు ఒక రగ్గు పెట్టుడి. దోమతెర మరువకుడి. మలేరియా దోమ రాత్రివేళ కుట్టును. డెంగీ దోమ పగటివేళ కుట్టును గనుక నిండు చేతుల చొక్కా ఒకటి రెండు ఉండుట మేలు.

బకెట్టు, మగ్గు, పరుపు, కంచము మొదలగు వాటిని ఇంటినుండి మోసికొనిపోకముందు వార్డెనుగారిని అడుగుడి. కొన్ని వసతిగృహములలో అవి ఇత్తురు. ఇయ్యనిచోట అక్కడి బజారులోనే కొనుక్కొనవచ్చును. ప్రతి బట్టమీదను బిడ్డ పేరులోని మొదటి అక్షరము దారముతో కుట్టుడి. సూది, దారము, నాలుగు గుండీలు ఒక చిన్న డబ్బాలో ఉంచుడి. ఆడపిల్లయైనను మగపిల్లవాడైనను గుండీ కుట్టుకొనుట, బట్టలు ఉదుకుకొనుట ఇంటియొద్దనే నేర్చి వెళ్లవలెను. పెట్టెలో సబ్బు పెట్టినంత మాత్రమున బట్టలు శుభ్రపడవు గదా!

2. యెష్షయి పంపిన ఆహారము

యెష్షయి తన కుమారులు యుద్ధమునకు వెళ్లియుండగా దావీదుచేత వేయించిన గోధుమలు, పది రొట్టెలు పంపెను. అవి త్వరగా చెడని ఆహారము. అంతేగాక వారి సహస్రాధిపతికి పది జున్నుగడ్డలు వేరుగా పంపెను. అన్నల క్షేమము తెలిసికొని ఒక ఆనవాలు తెమ్మని కూడ చెప్పెను. ఈ మూడు సంగతులును మనకు పాఠములు.

మొదటిది, నిలువయుండు దానినే పంపుడి. ఆవకాయ, కందిపొడి, నువ్వులపొడి, జంతికలు, సున్నుండలు మంచివి. పచ్చడి చెడకుండ కాపాడునవి ఉప్పును, పైన తేలు నూనెయును. ఉప్పు తడిని లాగును, నూనె గాలిని ఆపును. తడి గరిటె పెట్టినయెడల బూజు పట్టును. గనుక పచ్చడితోపాటు ఒక పొడి చెంచాను కూడ ఇచ్చి, ఆ సంగతి చెప్పి పంపుడి. జాడీ మూతకు గుడ్డ కట్టి, రెండు ప్లాస్టికు సంచులలో పెట్టి, చేతిసంచిలో నిలువుగా ఉంచుడి. పుస్తకముల పెట్టెలో పచ్చడి ఒలికినయెడల ఆ సంవత్సరమంతయు పుస్తకములు ఆ వాసనే కొట్టును.

రెండవది, ఇతరులకును పంపుడి. గదిలో ముగ్గురు నలుగురు ఉందురు. తన డబ్బాకు తాళము వేసికొని ఒంటరిగా తిను బిడ్డకు స్నేహితులు ఆలస్యముగా దొరుకుదురు. మొదటి సాయంకాలమే సున్నుండలు పంచి పెట్టిన బిడ్డకు ఆ రాత్రికే పలుకరించువారు దొరుకుదురు.

మూడవది, ఆనవాలు అడుగుడి. వారములో ఒక దినము, ఒక వేళ నిర్ణయించుకొని ఫోనులో మాటలాడుడి. "మార్కులు ఎన్ని?" అని మొదట అడుగకుడి. "భోజనము చేసితివా? నిద్ర పట్టుచున్నదా?" అని అడుగుడి. యెష్షయి అడిగినది క్షేమమునే గాని ఎందరిని జయించిరని కాదు.

3. సౌలు కవచము

దావీదు గొల్యాతు నెదుర్కొనబోవునప్పుడు సౌలు తన యుద్ధవస్త్రములను అతనికి తొడిగించెను. దావీదు వాటిని వాడి యెరుగడు గనుక విప్పివేసెను. వాడి ఎరుగని వస్తువు, మరియొకని కొలతకు చేసిన వస్తువు, ఎంత విలువైనదైనను భారమే.

కొందరు తలిదండ్రులు పదిమందిలో చిన్నతనమగునని వడ్డీకి తెచ్చి ఖరీదైన సూట్‌కేసు, ఖరీదైన ఫోను, బూట్లు కొందురు. ఆ వడ్డీ కట్టుటకు మరుసటి పంట చాలదు. గట్టి జిప్పు, మంచి తాళము, రెండు తాళపుచెవులు గల పెట్టె చాలును. తాళపుచెవులలో ఒకటి బిడ్డ మొలకు గాని మెడకు గాని, రెండవది ఇంటిలో ఉండవలెను. క్రొత్త చెప్పులు కొన్నయెడల వెళ్లుటకు పదిదినములు ముందే తొడిగి నడువనియ్యుడి.

నీళ్లు కాచుకొను కరెంటు రాడ్డు, హీటరు వంటివి పంపకుడి. అనేక వసతిగృహములలో అవి నిషేధము. బరువు మోయలేని పాత తీగెలకు వాటిని తగిలించినయెడల నిప్పు పుట్టును, తడిచేతితో ముట్టినయెడల ప్రాణమే పోవును.

పెట్టె సర్దవలసినది బిడ్డయే. తల్లి ప్రక్కను కూర్చుండి చూడవచ్చును. సర్దిన తరువాత ఆ పెట్టెను బిడ్డయే ఎత్తి ఇంటినుండి బస్సు ఆగు చోటివరకు ఒకసారి మోసికొనిపోవలెను. మోయలేనియెడల సగము తీసివేయుడి.

4. పౌలు అడిగిన కాగితములు

పౌలు చెరసాలలోనుండి తిమోతికి వ్రాయుచు, త్రోయలో కర్పునొద్ద ఉంచి వచ్చిన అంగీని, పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను తెమ్మనెను. శీతకాలము రాకమునుపే రమ్మనెను. అపొస్తలునికి చలి వేయదా? చదువుకొన కోరిక యుండదా? కావలసినదానిని పేరుపెట్టి అడుగుటకు ఆయన సిగ్గుపడలేదు. మన బిడ్డలు ఇది నేర్చుకొనవలెను. దుప్పటి చాలనియెడల చాలలేదని ఇంటికి చెప్పవలెను.

బిడ్డకు ముఖ్యమైన కాగితములు ఇవి: పదవ తరగతి, ఇంటర్మీడియెటు మార్కుల జాబితాలు, బదిలీ పత్రము, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రములు, ఆధారు కార్డు, బ్యాంకు పాసుపుస్తకము, ఫొటోలు. ప్రతిదానికి నాలుగైదు జెరాక్సులు తీయించి, ఒక కట్ట ఇంటిలో ఉంచి, రెండవ కట్ట పంపుడి. చేర్చుకొనునప్పుడు అసలు పత్రములను సరిచూచి వెంటనే తిరిగి ఇచ్చివేయవలెనని, కళాశాలయొద్ద ఉంచుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యూజీసీ, 2018లో ప్రకటించెను. ఈ సంగతి తెలిసియుండుట మంచిది.

మన ఇండ్లలో ఒక చిక్కు తరచుగా కలదు. బాప్తిస్మమునాడు పెట్టిన పేరు ఒకటి, బడిలో వ్రాయించిన పేరు మరియొకటి. ఆధారులో సమూయేలు, మార్కుల జాబితాలో శామ్యూలు అని ఉన్నయెడల ఉపకారవేతనము ఆగిపోవచ్చును. బయలుదేరు దినమున కాదు, ఇప్పుడే అన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టి అక్షరము అక్షరము సరిచూచుడి.

ఇంటిలో చదువుకొనిన బైబిలునే పెట్టెలో పెట్టుడి. ఆ పట్నములోని సంఘమునకు మీ కాపరియొద్దనుండి ఒక పరిచయ పత్రిక తీసికొనుడి. క్రొత్త ఊరిలో పేరు పెట్టి పిలుచు ఒక పెద్ద మనిషి ఉండుట ఎంతో ఆదరణ.

5. చిన్న డబ్బా, చిన్న చీటి

జ్వరమునకు పారాసెటమాలు బిళ్లలు, విరేచనములకు ఓఆర్‌ఎస్ పొట్లములు, దెబ్బకు దూది, కట్టు గుడ్డ ఒక డబ్బాలో ఉంచుడి. ఓఆర్‌ఎస్‌ను పొట్లముమీద వ్రాసిన కొలత నీటిలోనే కలుపవలెను. జ్వరము రెండు దినములు దాటినయెడల డాక్టరునొద్దకు పోవలెను.

ఒక చీటిమీద ఈ అంకెలు వ్రాసి పెట్టె మూత లోపల అంటించుడి: అత్యవసరమునకు 112, ర్యాగింగు జరిగినయెడల 1800-180-5522, డబ్బు విషయమై ఫోనులో మోసపోయినయెడల 1930, మనస్సు కృంగినయెడల టెలి మానస్ 14416. ర్యాగింగు వేళాకోళము కాదు. మన రాష్ట్రములో 1997లోనే దానిని నేరముగా శాసనము చేసిరి. ఓటీపీ గాని, ఏటీఎం పిన్ను గాని ఎవరికిని చెప్పరాదని బిడ్డచేత మరల చెప్పించుకొనుడి.

6. పెట్టెలో పెట్టకూడని బరువు

తలిదండ్రులారా, బిడ్డ బస్సు ఎక్కునప్పుడు మనలో అనేకులము ఒక మాట చెప్పి పంపుదుము: "నీ కోసమే అప్పు చేశాం, పొలం తాకట్టు పెట్టాం, మా పరువు నీ చేతిలో ఉంది." ఆ మాట నిజమే కావచ్చును. అయినను పెట్టెలోని వస్తువులన్నిటికంటె అదియే బరువైనది. తరగతిలో ఇంగ్లీషు పాఠము అర్థముకాక, మొదటి పరీక్షలో తక్కువ మార్కులు వచ్చిన రాత్రి, బిడ్డకు ఆ మాటే చెవిలో మ్రోగును. తప్పిపోతినని ఇంటికి చెప్పలేక ప్రాణము తీసికొనిన బిడ్డలను గూర్చి మనము పత్రికలలో చదువుచున్నాము గదా.

తప్పిపోయిన కుమారుని తండ్రి, కుమారుడు ఇంకను దూరముగా ఉన్నప్పుడే చూచి పరుగెత్తెను. ఆ తండ్రి యింటికి తిరిగి రావచ్చునన్న తలంపు ఆ కుమారునికి పుట్టినందుననే అతడు లేచి నడిచెను. మీ బిడ్డకును ఆ తలంపు ఉండవలెను. గనుక బస్సు ఎక్కించునప్పుడు ఈ మాట చెప్పుడి: "బాగా చదువు నాయనా. కష్టమైతే ఫోను చెయ్యి. తప్పినా మన ఇంటికే రా." ఇది బిడ్డను సోమరిని చేయదు. నిలువబడుటకు నేల ఇచ్చును.

ఇంటిలో కూర్చుండి మాటలాడుకొనవలసిన ప్రశ్నలు

1. హన్నా ఏటేట అంగీ తెచ్చుటవలన మనము ఏమి నేర్చుకొనుచున్నాము?
2. మన పెట్టెలో అవసరమునకు పెట్టినవి ఏవి? పదిమంది చూచుటకు పెట్టినవి ఏవి?
3. అన్ని పత్రములలో బిడ్డ పేరు ఒకే విధముగా ఉన్నదా?
4. ఈ సంవత్సరము మన సంఘములో ఇల్లు విడిచి వెళ్లుచున్న బిడ్డలు ఎవరు? వారిలో దుప్పటి కొనలేని ఇల్లు ఏది? ఆ ఇంటివారిని సిగ్గుపరచకుండ సంఘము దానిని ఎట్లు అందించగలదు?

ఈ నాలుగవ ప్రశ్నకు వచ్చే ఆదివారములోగా జవాబు సిద్ధపరచుకొని రండి.