గోధుమ పడనివారికి పెళ్లి భోజనం: ఆర్డరు కాగితంలో ఏం రాయించాలి?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లికి గుడివాడలో కల్యాణమండపం మాట్లాడుకున్నాం. మా తోడికోడలి కొడుక్కి సీలియాక్ వ్యాధి. గోధుమ రవ్వంత తగిలినా మంచం పడతాడు. కేటరింగ్ వాళ్లు ‘గ్లూటెన్ లేకుండా చేసిపెడతాం లెండి’ అంటున్నారు. నమ్మొచ్చా? తేడా వస్తే చట్టం ఆదుకుంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆదుకుంటుంది. కానీ వాళ్లు అన్న మాట కాగితం మీదికి ఎక్కాలి. ప్యాకెట్లలో అమ్మే సరుకుల్లో గ్లూటెన్ ఉండే ధాన్యాలు (గోధుమ, బార్లీ, రై, ఓట్స్) ఉంటే ఆ సంగతి తెలపాలని 2020 నాటి లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. వండి వడ్డించేవారిలో మాత్రం కేంద్ర లైసెన్సు ఉన్నవారికీ, పది లేక అంతకు మించి శాఖలున్నవారికే అలా తెలిపే బాధ్యత పెట్టారు. బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో మనం పిలిచే కేటరర్లలో చాలామంది ఆ లెక్కలోకి రారు. అందుకే మీ ఆర్డరు కాగితమే మీకు ఆధారం.

మన కృష్ణా డెల్టాలో భోజనమంటే వరి అన్నమే కదా, భయమేముంది అనుకోవద్దు. బందరు లడ్డూ శనగపిండిది, బందరు హల్వా గోధుమ పాలది. పూతరేకులు, అరిసెలు బియ్యంతో చేసేవి. బొబ్బట్లు, మడత కాజా, గులాబ్ జామూన్, మంచూరియాల్లో మైదా ఉంటుంది. కేసరి, సేమియా పాయసం, వ్రతం రోజు రవ్వ ప్రసాదం గోధుమవే. అన్నిటికన్నా తెలియకుండా దెబ్బతీసేది ఇంగువ. బజారులో దొరికే ఇంగువ పొడుల్లో తరచుగా మైదా కలుస్తుంది. అది పులిహోరలోకీ సాంబారులోకీ చేరుతుంది. పూరీలు వేగిన నూనెలో గారెలు వేయించినా ఆ పిల్లవాడికి ముప్పే.

‘గ్లూటెన్ ఫ్రీ’ అనాలంటే ఆహారం కిలోలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదు. మైదా ఎగిరే పెళ్లి వంటశాలలో ఇది తేలిక కాదు. అందుకని ఆ రెండు మాటలతో సరిపెట్టక, వీటిని విడివిడిగా రాయించండి:

1. ఆ అబ్బాయికి వడ్డించే వంటకాల పేర్లు, వాటిలో వేసే ప్రతి సరుకు. ఇంగువ, మసాలా పొడుల లేబుళ్లు ముందే మీకు చూపాలి.
2. విడి గిన్నెలు, గరిటెలు, కొత్త నూనె. మైదా పని మొదలుకాక ముందే ఆ వంట పూర్తవ్వాలి.
3. మూతపెట్టి పేరు రాసిన పాత్రలు, వడ్డనకు ఒకే మనిషి.
4. కేటరర్ 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు. 2022 జనవరి నుంచి బిల్లు మీద అది ఉండి తీరాలి.
5. మాట తప్పితే అడ్వాన్సు వాపసు, వైద్య ఖర్చు.

సరుకులు మీరే తెచ్చి వంట మేస్త్రిని మాత్రమే పిలిస్తే, సరుకుల బాధ్యత మీది. అప్పుడు ఇంగువ ప్యాకెట్టు చూడాల్సింది మీరే.

తేడా వస్తే ముందు వైద్యం. తర్వాత అదేరోజు జిల్లా ఆహార భద్రతాధికారులకు తెలియజేసి, మిగిలిన పదార్థం నమూనా తీయమనండి. బిల్లు, ఆస్పత్రి కాగితాలు, వాట్సాప్ సందేశాలు దాచండి. 2006 నాటి ఆహార భద్రతా చట్టం 65వ సెక్షను ప్రకారం తీవ్ర గాయానికి 3 లక్షల వరకు, ఇతర గాయాలకు లక్ష వరకు పరిహారం ఇప్పించవచ్చు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని బందరులోని జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. డబ్బిచ్చింది మీరే అయినా, మీ అనుమతితో ఆ సేవ పొందిన అతిథి కూడా ఈ చట్టం దృష్టిలో వినియోగదారుడే. అంటే ఆ కుటుంబం తానే ఫిర్యాదు చేయవచ్చు. గడువు రెండేళ్లు. కేటరింగ్‌కు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి రాజీకి ప్రయత్నించవచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అది హక్కు.

అడ్వాన్సు ఇచ్చేలోపే ఈ కాగితం ముందు పెట్టండి. సంతకం చేయడానికి వెనకాడే కేటరరును వదిలి వేరొకరిని చూసుకోండి.