పొదుగు కోళ్ళ యాజమాన్యం – పసి పిల్లల సంరక్షణ

రామగుండం అనగానే ఎవరికైనా బొగ్గు, విద్యుత్తు గుర్తుకు వచ్చుట సహజం. సింగరేణి గనులు, 1983లో మొదటి యూనిట్ పని ప్రారంభించిన థర్మల్ విద్యుత్ కేంద్రం, దాని చెంత వెలసిన మన జ్యోతినగర్, ఇవన్నీ భారీ పరిశ్రమతో ముడిపడిన పేర్లే. అయినను ఈ పరిశ్రమల నీడలోనే, కార్మికుల వాడల్లోను, చుట్టుపక్కల పల్లెల్లోను మరొక చిన్న పరిశ్రమ సాగుతున్నది. అది పెరటి కోళ్ళ పెంపకం. దానికి పెట్టుబడి ఒక గంప, పిడికెడు నూకలు. దానిని నడిపేది ఇంటి ఇల్లాలు. అమ్మిన కోడి వెల సాధారణంగా ఆమె కొంగునే ఉంటుంది. అవసరం వచ్చినప్పుడు అదే పిల్లల పుస్తకాలకు, పరీక్ష రుసుముకు అక్కరకు వస్తుంది.

ఇంత ఉపయోగకరమైన ఈ వృత్తిలో నష్టం ఎక్కడ కలుగుతున్నది? గుడ్డు పెట్టుటలో కాదు, పొదుగుటలో కూడ అంతగా కాదు. పుట్టిన పిల్లలు మొదటి కొద్ది వారాలలోనే గద్దకు, పిల్లికి, చలికి, తెగులుకు బలియగుచున్నవి. కనుక గంప కింద ఎన్ని పిల్లలు లేచినవి అని లెక్కించుట కంటె, 8వ వారాన ఎన్ని మిగిలినవి అని లెక్కించుట మేలు. ఈ దృష్టితో, ఒకే ఇంట రెండు మూడు కోళ్ళు ఒకేసారి పొదుగుకు వచ్చినప్పుడు ఏమి చేయవలెనో, పసి పిల్లలను ఎట్లు కాపాడుకోవలెనో ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

పొదుగు అనగానేమి?

నాటు పెట్ట వరుసగా 12 నుండి 15 గుడ్లు పెట్టి, తరువాత గూడు వదలక కూర్చుంటుంది. ఈకలు ఉబ్బించి, దగ్గరికి పోతే కుర్రుమని పొడవ వస్తుంది. దాని రొమ్ముమీది ఈకలు రాలి, గుడ్లకు ఒంటి వేడి నేరుగా తగులుతుంది. అట్టి కోడినే ఉర్దూలో ‘కుడక్ ముర్గీ’ అంటారు. ప్రొలాక్టిన్ అను హార్మోను రక్తంలో పెరుగుట ఈ మార్పునకు ముఖ్య కారణం. ఆ స్థితిలో కోడి గుడ్లు పెట్టదు. అందుకే ఎక్కువ గుడ్ల కొరకు పెంచిన లెగ్‌హార్న్ జాతిలో మానవుడు తరతరాల ఎంపికతో ఈ గుణాన్ని దాదాపు తొలగించినాడు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్ళు కూడ సాధారణంగా పొదగవు. మన నాటు పెట్ట, ముఖ్యంగా అసీల్ జాతి పెట్ట, ఈ పనిలో ఆరితేరినది. ప్రాచీన ఈజిప్టువారు మట్టి పొయ్యిలలో వేల గుడ్లను పొదిగించి, గుడ్డును కనురెప్పకు ఆనించి వేడిని అంచనా వేసేవారు. వారు అంత శ్రమపడి సాధించినదానిని మన పెట్ట గంపలో కూర్చొని సాధిస్తున్నది.

గుడ్లు పెట్టుటకు సుమారు 20 రోజులు, పొదుగుటకు 21 రోజులు, పిల్లలను తిప్పుటకు 2 నెలలు, వెరసి ఒక విడతకు దాదాపు 100 రోజులు పట్టును. కనుకనే నాటు పెట్ట ఏడాదికి 3 లేక 4 విడతలు మాత్రమే గుడ్లు పెట్టగలుగుతున్నది. మూడు కోళ్ళు మూడు వేర్వేరు తేదీలలో కూర్చున్నచో మూడింటి కాలమూ ఇట్లే గడచిపోవును.

ఒకే తేదీ సూత్రం

పలు కోళ్ళు కూర్చున్నప్పుడు వచ్చే చిక్కులు తెలిసినవే. రెండు పెట్టలు ఒకే గంపకు పోటీపడి గుడ్లు పగులగొట్టును. మేతకు లేచిన కోడి తన గంప మరచి పక్క గంపలో కూర్చొనును. వేరొక పెట్ట వచ్చి అందులోనే కొత్త గుడ్డు పెట్టి పోవును. అప్పుడు ఒకే గంపలో వేర్వేరు వయస్సుల గుడ్లు చేరును. ముందు పుట్టిన పిల్లలతో తల్లి గూడు దిగగానే, మిగిలిన గుడ్లలోని పిల్లలు పెంకులోనే చల్లబడి చచ్చును.

దీనికి మందు ఒక్కటే: అన్ని కోళ్ళ కింద ఒకేనాడు గుడ్లు పెట్టవలెను. ముందుగా పొదుగుకు వచ్చిన పెట్టను 4, 5 రోజులు ఉత్తుత్తి గుడ్లపై కూర్చోబెట్టి ఉంచవచ్చును. ఈలోగా మంచి గుడ్లు సేకరింపవలెను. పుంజుతో తిరుగుతున్న పెట్టల గుడ్లే పనికివచ్చును. 8, 10 పెట్టలకు ఒక పుంజు చాలును. గుడ్డు పగులు లేనిదై, మధ్యస్థ పరిమాణంలో ఉండవలెను, దానిని కడుగరాదు. చలికాలంలో 7 రోజుల లోపు గుడ్లు, ఎండలు ముదిరినప్పుడు 3, 4 రోజుల లోపు గుడ్లు మాత్రమే ఎన్నుకొనవలెను. గది వేడికే పిండం కొద్దిగా పెరుగ నారంభించి నశించుట వలన వేసవి గుడ్లు మురిగిపోవును. మన ప్రాంతపు మే నెల ఎండ ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు. కార్తీకం నుండి మాఘం వరకు పొదిగించుట శ్రేయస్కరం.

ఒక్కొక్క కోడికి వేరు గంప, ఒకదానికొకటి కనబడని చోటు ఏర్పరుపవలెను. గంపలో వరిగడ్డి పరచి, కట్టెల పొయ్యి బూడిద, ఎండు వేపాకు చల్లినచో పేలు తగ్గును. బొగ్గు బూడిద వాడరాదు. కోడిని రాత్రివేళ గంపలోకి మార్చినచో బెదరదు. ప్రతి గుడ్డుపై పెన్సిలుతో గుర్తు పెట్టవలెను. గుర్తు లేని గుడ్డు కనబడితే అది కొత్తది, వెంటనే తీసివేయవలెను. రోజుకొకసారి కోడి లేచి మేత తిని, నీరు త్రాగి, మరల తన గంపకే చేరినదా లేదా చూడవలెను.

7వ రాత్రి చీకటి గదిలో టార్చి వెలుతురుకు గుడ్లను పరీక్షింపవలెను. సన్నని ఎర్ర నరాలు కనబడితే పిల్ల పెరుగుతున్నట్లు; గుడ్డంతా తేటగా ఉంటే అందులో పిల్ల లేనట్లు. ఉదాహరణకు మూడు కోళ్ళ కింద 10 చొప్పున 30 గుడ్లు పెట్టినామనుకొందము. పరీక్షలో 8 తేట గుడ్లు తేలినవి. మిగిలిన 22 గుడ్లను రెండు కోళ్ళకు 11 చొప్పున పంచి, మూడవ కోడిని విడుదల చేయవచ్చును. అన్నిటికీ తేదీ ఒకటే అయినందువల్లనే ఇది సాధ్యం.

విడుదలైన కోడిని పొదుగు మాన్పుటకు కొందరు ముక్కుకు ఈక గుచ్చుదురు, నీళ్ళలో ముంచుదురు. ఇది క్రూరం, అనవసరం కూడ. అడుగున గాలి తగిలే జాలీ పంజరంలో, గడ్డి లేకుండ, మేత నీరు ఇచ్చుచు 3, 4 రోజులు ఉంచినచో పొదుగు దానంతట అదే విడును. కొద్ది వారాలలో మరల గుడ్లకు వచ్చును.

పిల్లలు లేచిన దినం

18వ రోజు నుండి గుడ్లను కదల్చరాదు. పెంకు పగులగొట్టి పిల్లకు సాయం చేయబూనరాదు. తడి ఆరని పిల్లను తల్లి కింది నుండి తీయరాదు. పుట్టుకకు ముందే పచ్చసొన పిల్ల కడుపులోనికి చేరును. దాని బలంతో రెండు రోజులు మేత లేకున్నను ప్రాణభయం లేదు.

ఒకే రోజు లేచిన పిల్లలను ఒక తల్లి నుండి మరొక తల్లికి మార్చుట మొదటి ఒకటి రెండు రాత్రులలో సులభం. పుట్టిన కొత్తలో కోడిపిల్ల తాను మొదట చూచిన కదిలే ఆకారం వెంట పోవునని 1873లో స్పాల్డింగ్ అను ఆంగ్ల పరిశీలకుడు గుర్తించినాడు. రోజులు గడిచిన కొద్దీ పిల్ల తల్లిని, తల్లి పిల్లను గుర్తుపట్టును. అప్పుడు పరాయి పిల్లను కోడి పొడిచి చంపవచ్చును. కనుక మార్పు చీకటిలో జరిపి, తెల్లవారగానే గమనింపవలెను. చలిలో ఒక తల్లికి 10, 12 పిల్లలు చాలు. వెచ్చని రోజులలో కొంత ఎక్కువైనను రెక్కల కింద ఇమడగలవు. ఇద్దరు తల్లులను మొదటి పది రోజులు వేర్వేరు చోట్ల ఉంచుట మంచిది.

శత్రువులు – రక్షణ

గద్ద తన్నుకుపోవుట అను మాట మన భాషలో ఊరక పుట్టలేదు. మొదటి రెండు వారాలు తల్లిని, పిల్లలను పెద్ద గంప కింద గాని, పాత వల కప్పిన దడిలో గాని ఉంచవలెను. రాత్రివేళ పిల్లి, ముంగిస, పందికొక్కు, పాము దూరకుండ సన్నని జాలీ అవసరం. నీటి గిన్నె లోతు లేనిదై, అందులో గులకరాళ్ళు వేసి ఉండవలెను. లేనిచో పిల్లలు తడిసి, చలికి బిగుసుకొనిపోవును. మేతకు మొదట మెత్తని నూకలు, తరువాత చెదలు, ఉడికించి నలిపిన గుడ్డు కలిపినచో మాంసకృత్తుల లోటు తీరును.

తల్లి లేని పిల్లలకు మొదటి వారం సుమారు 35 డిగ్రీల వేడి కావలెను. దీనికి పాతకాలపు తీగ బల్బు పనికివచ్చును. నేటి ఎల్‌ఈడీ బల్బులు ఆ వేడి నీయవు. మన ప్రాంతంలో బొగ్గు సులభంగా దొరుకును గనుక ఒక హెచ్చరిక: మూసిన గదిలో బొగ్గు కుంపటి పెట్టరాదు. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువు పిల్లలకే గాక ఆ గదిలో నిద్రించే మనుష్యులకు కూడ ప్రాణాంతకం.

కొక్కెర తెగులు

అన్ని శత్రువులలో పెద్దది కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్ వద్ద, 1927లో మన దేశాన రాణిఖేత్ వద్ద దీనిని గుర్తించినందున ఆ రెండు పేర్లతోను వ్యవహరింతురు. ఇది వైరస్ వలన వచ్చును, సోకిన తరువాత మందు లేదు, టీకాయే రక్ష. 5 నుండి 7వ రోజు మధ్య కంటిలో ఒక చుక్క లాసోటా టీకా, 4వ వారాన మరల ఒకసారి, 8వ వారం ప్రాంతాన ఆర్2బి సూది వేయింపవలెను. కోళ్ళ మశూచికి వేరే టీకా కలదు. ఖచ్చితమైన తేదీలకు పశువైద్యుని సలహా తీసుకొనవలెను.

ఇక్కడ ఒక ఆచరణ సమస్య కలదు. టీకా సీసా చిన్నదైనను అది వంద, అంతకు మించిన పిల్లలకు సరిపడును. చల్లగా భద్రపరచవలెను, కలిపిన తరువాత ఒకటి రెండు గంటలలో వాడివేయవలెను. 12 పిల్లలున్న ఇల్లాలు దానిని కొనుటకు వెనుకాడుట న్యాయమే. అయితే ఒక వాడలోని పది ఇండ్లవారు ఒకే వారంలో గుడ్లు పెట్టినచో, పిల్లలన్నీ ఒకే వారంలో లేచును. ఒక్క సీసా అందరికీ సరిపోవును. ఒక గంపకు చెప్పిన ఒకే తేదీ సూత్రమే ఇట్లు వాడ మొత్తానికి వర్తించుచున్నది.

ఈ పనికి మన విద్యార్థినీ విద్యార్థులు పూనుకొనవలెనని మా కోరిక. ఇంటింట ఒక చిన్న పుస్తకంలో గుడ్లు పెట్టిన తేదీ, పెట్టిన గుడ్లు, తీసివేసిన తేట గుడ్లు, లేచిన పిల్లలు, 8వ వారాన మిగిలినవి, పోయినవాటికి కారణం అను ఆరు గడులు గీసి వ్రాసినచో, నష్టం ఎక్కడ జరుగుచున్నదో వారికే తెలియును. ఉర్దూ వచ్చినవారు ఉర్దూలో, తెలుగు వచ్చినవారు తెలుగులో వ్రాయవచ్చును. కళాశాల జాతీయ సేవా పథకం కార్యక్రమాలలో ఒక ఆదివారం పశువైద్యుని పిలిపించి, దగ్గరి వాడలో టీకాలు వేయించుటకు పాలక వర్గం వారు అనుమతింపగలరని ఆశించుచున్నాము. గుడ్లు పెట్టే తేదీని మాత్రం దానికి నాలుగు వారాల ముందే ఆ వాడ తల్లులతో కూర్చొని నిర్ణయింపవలెను.