ఒక్కసారి చేసి ఎనిమిదిసార్లు వాడుకున్నాం
(విండోస్ ఇన్‌స్టలేషన్ ఇమేజ్‌లో అప్‌డేట్లు, డ్రైవర్లు కలిపే విధానం)

ఈ వార్షికోత్సవ సంచికకు కంప్యూటర్ మీద ఒక పాఠం రాసివ్వమని వార్డెన్ గారు అడిగారు. ఇంటర్‌నెట్ వల్ల లాభాలు, నష్టాలు అని మొదలుపెడితే తమ్ముళ్ళు పేజీ తిప్పేస్తారని మాకు తెలుసు. అందుకని మన కంప్యూటర్ గదిలో జరిగిన పనినే పాఠంగా రాస్తున్నాం.

2024 వేసవి సెలవుల్లో ఒక కంపెనీ వాడి పక్కన పెట్టిన 8 డెస్క్‌టాప్‌లు మన హాస్టల్‌కు ఇచ్చింది. హార్డ్ డిస్కులు తుడిచేసి ఖాళీగా ఇచ్చారు. విండోస్ 10 ప్రో లైసెన్సు మాత్రం మదర్‌బోర్డులోనే నమోదై ఉంది. కాలేజీలు తెరిచి స్కాలర్‌షిప్ రెన్యువల్ హడావుడి మొదలయ్యేలోపు వాటిని పనిచేయించాలి. నెట్ సెంటర్‌లో ఒక దరఖాస్తు నింపించుకుంటే 50 రూపాయలు. స్కానింగుకు వేరే, ప్రింటుకు వేరే. తప్పు పడితే మళ్ళీ మొదటినుంచి. ఇంటినుంచి నెలకు 300 వచ్చే పిల్లాడికి అదెంత బరువో ఈ సంచిక చదివేవాళ్ళకు మేము చెప్పక్కర్లేదు.

బాగుచేసే షాపులో అడిగితే ఒక్కో కంప్యూటరుకు 400 అన్నారు. అంత డబ్బు లేదు. సరే, మేమే చేస్తామని ముగ్గురం పూనుకున్నాం. మా ముగ్గురి ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కంప్యూటర్ మొరాయిస్తే ఫోన్ చేసి అడగడానికి ఏ అన్నయ్యా, ఏ మావయ్యా లేరు. చదివి, పాడుచేసి, మళ్ళీ చేసి నేర్చుకున్నదే ఇదంతా.

మొదటి కంప్యూటర్‌లో 2022 నాటి విండోస్ 10 ఇన్‌స్టాల్ చేశాం. అరగంటలో తెర వెలిగింది. నెట్ లేదు. మన గదిలో కేబుల్ లేదు కనుక చిన్న వైఫై డాంగిల్స్ కొన్నాం, వాటి డ్రైవర్ విండోస్‌లో లేదు. డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. “ఏటన్నా, ఇది మన క్యాస్ట్ సర్టిఫికెట్ తిరుగుడులాగే ఉంది” అన్నాడు పక్కనున్న ఇంటర్ తమ్ముడు. చివరకు ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి నెట్ ఇచ్చాం. వెంటనే అప్‌డేట్లు దిగడం మొదలై, ఒకటిన్నర జీబీ దాకా లాగేసి, ఆ రోజు ఫోన్ డేటా అయిపోయింది. ఈ లెక్కన 8 కంప్యూటర్లకు 8 రోజులు, 8 సార్లు అదే ఫైళ్ళు. ఏదైనా పాడైతే మళ్ళీ ఇంకోసారి.

ఇక్కడే అసలు విషయం తెలుసుకోవాలి. ఇన్‌స్టలేషన్ ఇమేజ్ అంటే ఫోటో కాదు. ఒక రోజున ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఉన్నదున్నట్టు కట్టి, మూట వేసి పెట్టిన ఫైలు అది. మూట కట్టిన రోజు తర్వాత బయటపడిన లోపాలు దానికి తెలియవు. తర్వాత వచ్చిన చిప్పులూ తెలియవు. కొత్తగా ఇన్‌స్టాల్ చేశాం కదా అని మనం అనుకుంటాం. నిజానికి మనం పెట్టింది రెండేళ్ళ కిందటి సరుకు.

ఆలస్యంగా అప్‌డేట్ అయితే ఏమవుతుంది అనుకునేవాళ్ళకు మన జిల్లా ఉదాహరణే ఉంది. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక లోపానికి సవరణ విడుదల చేసింది. అదే లోపంలోంచి 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పని ఆగింది. మన రాష్ట్రంలో విశాఖపట్నం, శ్రీకాకుళం సహా కొన్ని జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లకు కూడా తగిలింది. సవరణ వచ్చి అప్పటికి రెండు నెలలు. ఆ సవరణ వేసుకున్న కంప్యూటర్లలోకి ఆ దారిన అది రాలేకపోయింది.

2003లో హాస్టల్లో ఉన్న అన్నలకు బ్లాస్టర్ గుర్తుండే ఉంటుంది. ఆ ఆగస్టులో ఎక్స్‌పీ సీడీతో కొత్తగా ఇన్‌స్టాల్ చేసి నెట్‌కు తగిలిస్తే, సవరణ దిగేలోపే వైరస్ దిగేది. అరవై సెకన్లలో కంప్యూటర్ ఆగిపోతుందని అంకెలు వెనక్కి లెక్కపెట్టేది. 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2 వచ్చాక, తెలిసినవాళ్ళు దాన్ని పాత సీడీ ఫైళ్ళలోనే కలిపి కొత్త సీడీ కాల్చుకునేవారు. దాన్నే స్లిప్‌స్ట్రీమ్ చేయడం అనేవారు. సాటా హార్డ్ డిస్కు కనబడాలంటే ఎఫ్ 6 నొక్కి, ఫ్లాపీలోంచి డ్రైవర్ ఇవ్వాల్సిన రోజులవి. ఫ్లాపీ డ్రైవే లేని కంప్యూటర్ అయితే ఆ డ్రైవర్‌ను కూడా సీడీలోనే కలపాలి. మేము చేసింది ఆ పనికి తమ్ముడి వరస.

ఇన్‌స్టాల్ అయ్యాక కలపడానికీ, ముందే కలపడానికీ తేడా మాలో ఒకరి నాన్నగారు ఒక్క మాటలో చెప్పారు. ఆయన స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు కార్మికులు. కన్వర్టర్‌లోంచి కరిగిన ఉక్కు లాడిల్‌లోకి పోసేటప్పుడే ఫెర్రో మాంగనీసు, ఫెర్రో సిలికాన్ వేస్తారట. “బిల్లెట్ గట్టిపడిపోయాక మాంగనీసు తక్కువైందంటే ఎవడు కలుపుతాడ్రా?” అన్నారు. విండోస్ అంత మొండిది కాదు, తర్వాత కూడా కలుపుకుంటుంది. కానీ లాడిల్‌లో ఒకసారి వేస్తే దాన్నుంచి వచ్చే ప్రతి బిల్లెట్‌లోనూ ఉంటుంది. మనకు కావలసింది అదే.

ఇక పని చూద్దాం. విండోస్ ఇమేజ్‌ను తెరిస్తే సోర్సెస్ అనే ఫోల్డర్లో రెండు ముఖ్యమైన ఫైళ్ళుంటాయి. ఒకటి ఇన్‌స్టాల్ డాట్ విమ్, హార్డ్ డిస్కులోకి వెళ్ళే విండోస్ మొత్తం అందులో ఉంది. రెండోది బూట్ డాట్ విమ్, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కనబడే తెరను నడిపే చిన్న విండోస్. విస్టా కాలం నుంచి ఇదే పద్ధతి. వీటిని తెరిచి, సరుకు కలిపి, మూసే పనిముట్టు డిస్మ్. అది విండోస్‌లోనే ఉంటుంది, కొననక్కర్లేదు. దాని ఆదేశాలు నల్లటి కమాండ్ తెరలో టైపు చేయాలి. చుక్క, గీత తేడా రాకూడదు కనుక వాటిని ఇక్కడ అచ్చు వేయించడం లేదు. కంప్యూటర్ గదిలో తలుపు పక్కన పెద్ద అక్షరాలతో అంటించాం. ఇక్కడ వరస మాత్రం చెబుతాం.

ఇమేజ్‌ను మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించుకోవాలి. దించిన ఫైలు హాష్ విలువను సైటులో ఇచ్చినదానితో సరిచూసుకోవాలి. షాపులో ఒకాయన “అన్నీ కలిపేసిన సీడీ ఉంది, ఊరికే ఇస్తాను పట్టుకెళ్ళండి” అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ అప్‌డేట్లు కలిపినట్టే పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రామునూ కలపవచ్చు, బయటికి తేడా కనబడదు. బ్యాంకు ఖాతా, ఆధార్ నంబరు టైపు చేసే కంప్యూటర్లలో ఎవరు కట్టారో తెలియని మూట విప్పకూడదని వద్దన్నాం.

దించిన దాన్ని ఒక ఫోల్డర్లోకి కాపీ చేసి, అసలుదాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. ఇన్‌స్టాల్ డాట్ విమ్‌లో హోమ్, ఎడ్యుకేషన్, ప్రో అని చాలా రకాలు వరస నంబర్లతో ఉంటాయి. మన లైసెన్సు ప్రో కనుక ఆ ఒక్కదాన్నే వేరే ఫైలుగా తీసుకున్నాం. లేకపోతే ప్రతి రకంలోనూ విడివిడిగా కలుపుతూ కూర్చోవాలి. తర్వాత దాన్ని ఒక ఖాళీ ఫోల్డర్లోకి మౌంట్ చేయాలి, అంటే మూట విప్పి పరచాలి. దీనికి డిస్కులో 20 జీబీ ఖాళీ ఉంచుకోండి.

అప్‌డేట్లలో నెలనెలా వచ్చే క్యుములేటివ్ అప్‌డేట్ ముఖ్యం. పాత నెలలవన్నీ అందులోనే ఉంటాయి కనుక చివరిది ఒక్కటి చాలు. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ నుంచి దించాం, 700 ఎంబీ పైచిలుకు. అప్‌డేట్లను ఎక్కించే యంత్రాంగాన్నే ముందు కొత్తది చేసుకోవాలనే నియమం ఒకటుంది. 2021 నుంచి విండోస్ 10కి రెండూ ఒకే ఫైలులో వస్తున్నాయి, ఆ తలనొప్పి తగ్గింది.

డ్రైవర్ల విషయంలో చాలామంది పొరబడతారు. సెటప్ ఫైలు ఇస్తే డిస్మ్ తీసుకోదు. లోపలున్న ఇన్ఫ్ ఫైలు, దాని తోటి ఫైళ్ళు కావాలి. మాకు సులువైన దారి దొరికింది. తంటాలు పడి మొదటి కంప్యూటర్‌లో డ్రైవర్లన్నీ సరిచేశాం కదా, దానిలోంచే వాటిని ఒక ఫోల్డర్లోకి ఎగుమతి చేయమని డిస్మ్‌కు చెబితే నిమిషంలో ఇచ్చేసింది. ఆ ఫోల్డర్ చూపించి, లోపలి ఫోల్డర్లు కూడా వెతుక్కోమంటే అన్నీ కలుపుకుంది.

బూట్ డాట్ విమ్ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. ఒక డిగ్రీ తమ్ముడి లాప్‌టాప్ ఇంటెల్ 11వ తరానిది. మా ఇమేజ్‌తో మొదలుపెడితే డిస్కే లేదంది. డిస్కు డ్రైవర్ ఇన్‌స్టాల్ డాట్ విమ్‌లో కలిపాం కదా అని తల పట్టుకున్నాం. మన పోర్టును తలచుకుంటే విషయం అర్థమవుతుంది. డాల్ఫిన్ నోస్ పక్కనున్న సన్నటి కాలువలోంచి ఓడను లోపలి హార్బర్‌కు తేవాలంటే పైలట్ సముద్రంలోనే ఓడ ఎక్కాలి. ఆయన లోపల బెర్తు దగ్గర కూర్చుంటే ఓడ బయటే ఉంటుంది. డిస్కును చూపించే డ్రైవర్ డిస్కులోకి వెళ్ళాల్సిన మూటలో ఉంటే ఏం లాభం? ఇన్‌స్టాల్ చేసే తెరకు అది ముందే తెలియాలి. బూట్ డాట్ విమ్‌లో రెండు భాగాలుంటాయి, రెండోది సెటప్. ఆ డ్రైవర్‌ను అందులోనూ కలిపాక డిస్కు కనబడింది.

అన్నీ కలిపాక కమిట్ అని చెప్పి మూట కట్టాలి. మేము దెబ్బతిన్నది ఇక్కడే. మొదటిసారి కమిట్ అవుతుండగా కరెంటు పోయింది, ఫైలు పనికిరాకుండా పోయింది. అసలు కాపీ ఉంది కనుక మళ్ళీ మొదలుపెట్టాం. రెండోసారి మూయడం కుదరదని మొండికేసింది. గంటసేపు చూస్తే మాలో ఒకరు ఆ ఫోల్డర్‌నే వేరే కిటికీలో తెరిచి ఉంచారని తేలింది. ఎవరో ఇప్పటికీ ఒప్పుకోలేదు. మూడోసారి మూట సక్రమంగా కట్టాం, కానీ అప్‌డేట్లు కలిసి ఫైలు 4 జీబీ దాటింది. ఫ్యాట్ 32 పెన్‌డ్రైవ్‌లో అంత పెద్ద ఫైలు పట్టదు. దాన్ని రెండు ముక్కలు చేయమని డిస్మ్‌కే చెప్పాం. ఆ ముక్కల్ని సెటప్ తనంతట తానే గుర్తుపట్టి కలుపుకుంటుంది.

ముందు ఒక్క కంప్యూటర్‌లో వేసి రెండు రోజులు చూశాం. డాంగిల్ మొదటి క్షణంలోనే వైఫై పట్టింది. తర్వాత మిగిలినవాటికి ఒక్క మధ్యాహ్నం చాలింది. జూలైలో మన హాస్టల్ పిల్లల దరఖాస్తులన్నీ ఆ గదిలోంచే వెళ్ళాయి. ప్రింటు కోసం మాత్రం బయటికెళ్ళక తప్పలేదు. ప్రింటర్ ఇస్తామన్న అన్నలు ఈ సంచిక చదువుతున్నారని ఆశ.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. మన డెస్క్‌టాప్‌లు ఇంటెల్ 6వ తరానివి. విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ తరం నుంచే అర్హత. నియమాన్ని తప్పించి ఎక్కించే ఉపాయాలున్నా మేము వాటి జోలికి పోలేదు. ఆ అక్టోబరు అప్‌డేట్ కలిపి విండోస్ 10 ఇమేజ్ చివరిసారి కట్టి, రెండు కంప్యూటర్లలో ఉంచాం. వాటిని నెట్‌కు తగిలించం, టైపింగ్ నేర్చుకోవడానికే. మిగిలిన ఆరింటికి డెబియన్ లినక్స్ ఇమేజ్ తయారుచేస్తున్నాం. సీడాక్ వారి బాస్ లినక్స్ కూడా డెబియన్ మీద కట్టినదే. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో కనబడే లినక్స్ తయారుచేశారు. డెబియన్‌లో మౌంట్, కమిట్ గొడవ లేదు. ఏ ప్యాకేజీలు కావాలో జాబితా రాసిస్తే లైవ్ బిల్డ్ అనే పనిముట్టు ఇమేజ్ కట్టిస్తుంది. మా జాబితాలో తెలుగు ఫాంట్లు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, లిబ్రె ఆఫీస్, ఫైర్‌ఫాక్స్ ఉన్నాయి. వైఫై డాంగిల్ డ్రైవర్ దగ్గర మళ్ళీ చిక్కు పడింది, దాని మీదే కూర్చున్నాం.

మేము ముగ్గురం వచ్చే మే నెలతో హాస్టల్ ఖాళీ చేస్తాం. పెన్‌డ్రైవ్‌లు రెండూ వార్డెన్ గారి బీరువాలో నీలం మూత డబ్బాలో ఉన్నాయి. ఒక్కోదాని మీద కట్టిన తేదీ రాసిన చీటీ ఉంది. మళ్ళీ కట్టినప్పుడు పాత చీటీ చించి కొత్త తేదీ అంటించండి. ఆదివారం సాయంత్రాలు గదిలోనే ఉంటాం. నేర్చుకోవాలనుకునే తమ్ముళ్ళు 8 జీబీకి తక్కువ కాని పెన్‌డ్రైవ్, ఒక నోటు పుస్తకం తెచ్చుకోండి.